ఇన్సులిన్ మొదలుపెట్టాక ఇంకా మాత్రలెందుకు?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నా వయసు 54. తణుకు దగ్గర హైస్కూల్లో లెక్కల మాస్టారిని. బరువు 72 కిలోలు. షుగర్ వచ్చి 11 ఏళ్లయింది. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్, వోగ్లిబోస్ మూడూ కలిసిన మాత్ర పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటాను. పొద్దున డాపాగ్లిఫ్లోజిన్ 10 కూడా ఉంది. ఇన్ని వాడుతున్నా మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 9.6 వచ్చింది. నెల క్రితం మా డాక్టరు రాత్రి పడుకునే ముందు గ్లార్జిన్ ఇన్సులిన్ 10 యూనిట్లు మొదలుపెట్టి, మాత్రలు మాత్రం అలాగే వాడమన్నారు. పరగడుపున 230 ఉండేది 165కి దిగింది. మా బావమరిది మాత్రం "ఇన్సులిన్ మొదలుపెట్టాక మాత్రలెందుకు, రెండూ కలిస్తే కిడ్నీలు పోతాయి" అంటున్నాడు. మొన్న శనివారం ఒక్కపొద్దు ఉన్నాను. పొద్దున మాత్ర వేసుకుని కాఫీ ఒక్కటే తాగాను. పదకొండింటికి ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు. చూస్తే షుగర్ 58. మా ఆవిడ పంచదార నీళ్లు ఇచ్చినా తేరుకోవడానికి అరగంట పట్టింది. అప్పటినుంచి ఇన్సులిన్ అంటేనే టెన్షన్‌గా ఉంది. రెండు రోజులు మానేశాను కూడా. మాత్రలు మానాలా, ఇన్సులిన్ మానాలా? వచ్చే నెల అలిపిరి మెట్లెక్కి కొండకి వెళ్లాలన్న మొక్కు ఒకటుంది. అది తీర్చుకోవచ్చా?

సమాధానం: మాస్టారూ, ముందు ఆ శనివారం సంగతి చూద్దాం. మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది అదొక్కటే. 9.6 కూడా అంత భయపెట్టలేదు.

ఇన్నేళ్లుగా శనివారాలు ఒక్కపొద్దు ఉంటున్నారనుకుంటాను. ఇన్నేళ్లూ రాని చెమటలు ఇన్సులిన్ మొదలుపెట్టిన నెలకే వచ్చాయి కాబట్టి తప్పంతా ఇన్సులిన్‌దే అనిపిస్తుంది. మీరు లెక్కల మాస్టారు కదా, ఈ లెక్క చూడండి. ఖాళీ కడుపు మీద గ్లిమెపిరైడ్ వేసుకుంటే షుగర్ ఒక 100 పాయింట్లు దిగిందనుకుందాం. ఇదివరకు పొద్దున 230తో లేచేవారు. అందులోంచి 100 పోతే 130. ఏమీ తెలిసేది కాదు, పైగా "ఉపవాసం ఉంటే షుగర్ ఎంత బాగుందో" అని సంతోషించి ఉంటారు. ఇప్పుడు 165తో లేస్తున్నారు. అదే 100 పోతే 65. మాత్ర మారలేదు, ఒక్కపొద్దు మారలేదు, మొదలయ్యే అంకె మారింది. ఇన్సులిన్ తన పని తాను చేసింది. కాఫీ మీద వేసుకున్న ఆ మాత్రే మిమ్మల్ని కిందికి లాగింది.

గ్లిమెపిరైడ్ స్వభావమే అంత. ఇన్సులిన్ తయారుచేసే పాంక్రియాస్ గ్రంథిని తట్టి లేపి ఇన్సులిన్ వదిలిస్తుంది. మీరు తిన్నారా లేదా అన్నది దానికి అనవసరం. ఇడ్లీల కోసం విడుదలైన ఇన్సులిన్‌కి ఇడ్లీలు దొరక్కపోతే రక్తంలో ఉన్న చక్కెరనే లాగేస్తుంది. గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ కూడా ఈ కుటుంబంలోవే. వీటిలో గ్లిబెన్‌క్లమైడ్ మరీ మొండిది, పెద్ద వయసు వాళ్లకి నేనైతే రాయను.

ఇక పంచదార నీళ్లు. మీ ఆవిడ చేసింది మామూలుగా అందరూ చేసేదే, ఆవిడ తప్పేం లేదు. కానీ మీ మాత్రలో వోగ్లిబోస్ ఉంది. అది పేగుల్లో పిండి పదార్థాలనీ పంచదారనీ విడగొట్టే ఎంజైముల్ని అడ్డుకుంటుంది. తిన్నాక షుగర్ ఒక్కసారిగా ఎగరకుండా ఉండడానికే దాన్ని ఇస్తారు. పంచదార గ్లూకోజ్‌గా విడిపోతేనే రక్తంలోకి వెళుతుంది. ఆ విడగొట్టే పనికే వోగ్లిబోస్ అడ్డం పడింది కాబట్టి మీరు తాగిన పంచదార వెంటనే ఉపయోగపడలేదు. ఆ అరగంట ఆలస్యానికి ఇదే కారణమై ఉండొచ్చు. వోగ్లిబోస్ గానీ అకార్బోస్ గానీ వాడేవాళ్లు షుగర్ పడిపోతే తాగాల్సింది గ్లూకోజ్ పొడి కలిపిన నీళ్లు. మెడికల్ షాపులో, కిరాణా కొట్టులో దొరికే మామూలు గ్లూకోజ్ డబ్బా చాలు. టీ చెంచాతో మూడు చెంచాలు, అంటే దాదాపు 15 గ్రాములు, కలుపుకుని తాగి 15 నిమిషాలాగి మళ్లీ చూసుకోవాలి. అప్పటికీ 70 దాటకపోతే ఇంకో మూడు చెంచాలు. దాటాక ఊరికే కూర్చోకుండా ఏదన్నా తినాలి, ఒక్కపొద్దయినా సరే. ఈ వోగ్లిబోస్ కలిసిన మాత్రలు మన దగ్గర లక్షల మంది వాడుతున్నారు. పంచదార బదులు గ్లూకోజ్ దగ్గర పెట్టుకోవాలని వాళ్లలో చాలామందికి చెప్పినవాళ్లే లేరు. నా దగ్గరికి వచ్చేవాళ్లని అడుగుతుంటాను కాబట్టి తెలుసు.

మాటలు తడబడుతున్నా, స్పృహ తప్పుతున్నా మాత్రం నోట్లో ఏమీ పోయకూడదు. 108కి ఫోన్ చేయాలి. ఈ సంగతి మీరు కాదు, మీ ఆవిడ, పిల్లలు తెలుసుకోవాలి. ఆ సమయంలో మీరు చెప్పగలిగే స్థితిలో ఉండరు.

ఇప్పుడు మీ బావమరిది మాట. అందులో పావువంతు నిజముంది. అదెక్కడుందో చెప్పాలంటే మీరు వేసుకునేవాటిని ఒక్కొక్కటిగా విడదీసి చూడాలి.

రాత్రి రెండు పుల్కాలే తిన్నా పొద్దున్నే 230 ఎందుకు వచ్చిందని చాలామంది అడుగుతారు. ఆ చక్కెర పుల్కాలది కాదు. రాత్రంతా మనం తినకుండా ఉంటాం కాబట్టి మెదడుకీ మిగతా ఒంటికీ కావాల్సిన చక్కెరని కాలేయం తయారుచేసి వదులుతూ ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్లలో దానికి ఆపేవాళ్లు లేక అవసరానికి మించి వదులుతుంది. రాత్రి పొడుచుకునే గ్లార్జిన్ 24 గంటల పాటు కొద్దికొద్దిగా పనిచేస్తూ ఆ కాలేయాన్ని అదుపులో పెడుతుంది. మెట్‌ఫార్మిన్ చేసేది కూడా ప్రధానంగా కాలేయం మీదే, కానీ వేరే దారిలో. పైగా మీ ఒళ్లు ఇన్సులిన్ మాట వినేలా చేస్తుంది. అందుకే ఈ రెండూ కలిస్తే తక్కువ యూనిట్లతో పని జరుగుతుంది. ఇన్సులిన్ మొదలుపెట్టాక చాలామందికి బరువు పెరుగుతుంది. మెట్‌ఫార్మిన్ దాన్ని కొంత ఆపుతుంది. ఫిన్లాండ్‌లో 96 మంది మీద ఏడాది పాటు చేసిన పరిశోధన 1999లో వచ్చింది. అందరికీ రాత్రిపూట ఇన్సులిన్ ఇచ్చారు. కొందరికి దానితో గ్లిబెన్‌క్లమైడ్, కొందరికి మెట్‌ఫార్మిన్, కొందరికి రెండూ, ఇంకొందరికి మాత్రల్లేకుండా పొద్దున మరో ఇన్సులిన్ ఇచ్చారు. బరువు దాదాపుగా పెరగకుండా, షుగర్ అందరికన్నా బాగా తగ్గి, పడిపోవడాలు తక్కువగా ఉన్నది ఇన్సులిన్, మెట్‌ఫార్మిన్ రెండే వాడినవాళ్లకి. ఇన్సులిన్ వచ్చాక కూడా మెట్‌ఫార్మిన్ కొనసాగించమని డాక్టర్లు చెప్పడం వెనకున్నది ఇదే.

డాపాగ్లిఫ్లోజిన్ షుగర్ తగ్గించే తీరుకి అసలు ఇన్సులిన్‌తో సంబంధమే లేదు. అది కిడ్నీల దగ్గర కూర్చుని, వెనక్కి రక్తంలోకి వెళ్లాల్సిన చక్కెరని మూత్రంలోకి వదిలేస్తుంది. గుండెకీ కిడ్నీలకీ మేలు చేస్తుందని రుజువైన మందు అది. మీ బావమరిది ఏ కిడ్నీల గురించి భయపెడుతున్నాడో వాటిని కాపాడడానికి ఇచ్చే మందే మీ చేతిలో ఉందన్నమాట. వోగ్లిబోస్ పని పేగుల్లో, పైన చెప్పాను.

మిగిలింది గ్లిమెపిరైడ్. ఇన్సులిన్ వదిలించే మాత్రా, బయటినుంచి ఇన్సులినూ. రెండూ ఒకే పని చేసేవి ఇవి మాత్రమే, ఒకదాని మీద ఒకటి పడి షుగర్‌ని కింద పడేసేవీ ఇవే. బావమరిది మాటలో పావువంతు నిజం ఇదే. రాత్రి ఒక్కపూట గ్లార్జిన్ మొదలుపెట్టినప్పుడు గ్లిమెపిరైడ్ కొనసాగించడం తప్పేం కాదు. తిన్న తర్వాతి షుగర్‌ని చూసుకోవడానికి అది పనికొస్తుంది. మీ డాక్టరు చేసింది సరైనదే. కానీ 58 వచ్చాక లెక్క మారింది. ఈ సంగతి ఆయనకి చెప్పారా? ఉత్తరంలో ఎక్కడా రాయలేదు. చెప్పకపోతే రేపే ఫోన్ చేయండి. నేనైతే ముందు గ్లిమెపిరైడ్ డోసే తగ్గిస్తాను, ఇన్సులిన్ జోలికి పోను. రేపు అవసరమై పొద్దునా రాత్రీ 30/70 లాంటి కలగలుపు ఇన్సులిన్, లేదా భోజనానికి ముందు వేసేది మొదలుపెడితే, అప్పుడు సాధారణంగా గ్లిమెపిరైడ్ పూర్తిగా తీసేస్తారు.

ఇక్కడో చిక్కుంది. మీరు వాడేది మూడూ ఒకే బిళ్లలో ఉన్నది. గ్లిమెపిరైడ్‌ని సగం చేద్దామని బిళ్ల విరిచారనుకోండి, మెట్‌ఫార్మిన్ కూడా సగమైపోతుంది. అదీ కాక మెల్లగా కరిగేలా చేసిన మెట్‌ఫార్మిన్ మాత్రల్ని విరవకూడదు. కాబట్టి విడివిడి మాత్రలు రాయమనో, గ్లిమెపిరైడ్ తక్కువున్న రకం రాయమనో అడగండి. మాత్రల సంఖ్య పెరుగుతుందని గొణుక్కోకండి. ఇలా డోసులు సవరించుకునే దశలో మూడూ కలిపిన మాత్ర నాకు అస్సలు నచ్చదు. ఒకదాన్ని కదిపితే మూడూ కదులుతాయి.

మందుల షాపులో "ఇదే కంపెనీది లేదు, అదే మందు ఇంకోటి ఇస్తా" అన్నప్పుడు స్ట్రిప్ వెనక్కి తిప్పి చూడండి. పైన పెద్ద అక్షరాల పేరు చూసి తీసుకోవద్దు. ఒకే పేరు చివర ఒక అక్షరమో అంకో మారితే లోపల మందే మారిపోతుంది. వెనక చిన్న అక్షరాల్లో గ్లిమెపిరైడ్ ఎన్ని మిల్లీగ్రాములని ఉందో అది మీ చీటీలో ఉన్నదానితో సరిపోవాలి. ఖర్చు గురించి కూడా ఒక మాట. డాపాగ్లిఫ్లోజిన్ పేటెంటు మన దేశంలో 2020లో, షుగర్‌కే వాడే సిటాగ్లిప్టిన్‌ది 2022లో, ఎంపాగ్లిఫ్లోజిన్‌ది 2025లో తీరిపోయాయి. ఆ తర్వాత ధరలు బాగా దిగాయి. ఎప్పుడో రాసిన బ్రాండే పట్టుకు వేళ్లాడకుండా జన ఔషధి కేంద్రంలో అడిగి చూడండి.

కిడ్నీల భయం ఇంకా పోలేదనుకుంటాను, అది అంత తేలిగ్గా పోదు. ఊళ్లో ఎవరికో కిడ్నీలు పోయాయి, ఆయన ఇన్సులిన్ వాడేవాడు, కాబట్టి ఇన్సులిన్ వల్లే పోయాయి. ఇదీ వరస. నిజానికి పదేళ్లు 9, 10 మధ్య తిరిగిన హెచ్‌బీఏ1సీ వల్ల కిడ్నీలు పోతాయి. పోయేటప్పటికి మాత్రలు పనిచేయక ఇన్సులిన్ మొదలుపెట్టి ఉంటారు. ఆఖర్న వచ్చినవాడి మీద నింద పడింది. ఇన్సులిన్ అంటే ఆఖరి స్టేజీ కూడా కాదు. షుగర్ బయటపడే నాటికే పాంక్రియాస్ శక్తి సుమారు సగానికి పడిపోయి ఉంటుందని బ్రిటన్‌లో జరిగిన పెద్ద పరిశోధనలో లెక్కగట్టారు. ఆ మిగిలిన సగంతో మీరు 11 ఏళ్లు లాక్కొచ్చారు. మాత్రకి లొంగకపోవడం మీ తప్పు కాదు. తట్టి లేపడానికి లోపల సరుకు తగ్గిపోయింది, అంతే.

కిడ్నీల పరీక్ష మాత్రం ఏడాదికోసారి తప్పకుండా చేయించుకోవాలి. క్రియాటినిన్‌తో పాటు, కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే ఈజీఎఫ్‌ఆర్ అనే అంకె రాసిస్తారు. అది 45 కన్నా తగ్గితే మెట్‌ఫార్మిన్ డోసు తగ్గించాలి, 30 కన్నా తగ్గితే మానేయాలి. బావమరిది గారికి చెప్పండి, ఆపాల్సిన రోజు వస్తే ఆ అంకె చెబుతుంది. 11 ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు కాబట్టి ఓసారి బీ12 విటమిన్ కూడా చూపించుకోండి. ఆ మాత్ర బీ12ని తగ్గిస్తుంది. అరికాళ్ల మంటలు, తిమ్మిర్లు ఉంటే షుగర్ వల్లే అని వదిలేస్తారు. కొందరిలో అసలు దొంగ బీ12.

10 యూనిట్ల సంగతి మీరు అడగలేదు, అయినా చెబుతాను. 10 అన్నది మొదలుపెట్టే అంకె, జీవితాంతం ఉండేది కాదు. సాధారణంగా కిలో బరువుకి 0.1 నుంచి 0.2 యూనిట్లతో మొదలుపెడతారు. మీ 72 కిలోలకి 7 నుంచి 14 అన్నమాట. పరగడుపు షుగర్ 130 లోపుకి వచ్చేదాకా మూడు రోజులకోసారి 2 యూనిట్లు పెంచుతూ పోవడం మామూలు పద్ధతి. కానీ ముందు ఆ 58 కారణం సర్దుకున్నాకే. ఎంత వస్తే ఎంత పెంచాలో, ఎంతకన్నా తగ్గితే ఎంత తగ్గించాలో మీ డాక్టరు చేత కాగితం మీద రాయించుకోండి. కిలోకి 0.5 దాకా, అంటే మీకు 36 యూనిట్ల దాకా వెళ్లినా పనవకపోతే గ్లార్జిన్‌నే ఇంకా పెంచుతూ పోవడం దండగ. అప్పుడు సమస్య భోజనం తర్వాతి షుగర్‌లో ఉన్నట్టు. ఒక తేలికైన గుర్తు చెబుతాను. పొద్దున పరగడుపు అంకె రాత్రి ఇన్సులిన్ ఖాతాలోది. తిన్నాక అంకె మాత్రల ఖాతాలోది, కంచంలో ఉన్నదాని ఖాతాలోది. ఏది గాడి తప్పిందో చూసి ఆ ఖాతానే అడగాలి.

మీరు రెండు రోజులు ఇన్సులిన్ మానేశారన్నారు. అది మళ్లీ చేయకండి. డాపాగ్లిఫ్లోజిన్ వాడుతూ ఇన్సులిన్ హఠాత్తుగా ఆపేస్తే కొందరికి రక్తంలో కీటోన్లు, అంటే కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు, పేరుకుంటాయి. దాని మాయ ఏమిటంటే, మీటర్లో షుగర్ 180, 200 మాత్రమే కనపడుతుంది, "బాగానే ఉంది కదా" అనిపిస్తుంది. లోపల మాత్రం ఆమ్లం పెరిగిపోతుంటుంది. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే మీటర్ అంకెని నమ్మకుండా ఆసుపత్రికి వెళ్లి ఈ మందు వాడుతున్నానని చెప్పాలి. వాంతులు విరేచనాలై ఏమీ తినలేని రోజున డాపాగ్లిఫ్లోజిన్, మెట్‌ఫార్మిన్ ఆపాలి. తినకుండా గ్లిమెపిరైడ్ ఎలాగూ వేసుకోకూడదు. గ్లార్జిన్ మాత్రం పూర్తిగా మానకుండా డాక్టర్ని అడిగి డోసు సవరించుకోవాలి. జనం సరిగ్గా దీనికి తలకిందులుగా చేస్తారు. ఒంట్లో బాగాలేదని ఇన్సులిన్ మానేసి మాత్రలు మింగుతారు. ఏదైనా ఆపరేషన్ ఉంటే మూడు రోజుల ముందే డాపాగ్లిఫ్లోజిన్ ఆపాలి.

మీరు పెన్నుతో పొడుచుకుంటున్నారో సిరంజితోనో రాయలేదు. పోయిన వేసవిలో ఒక పెద్దాయన పెన్ను సూదులు అయిపోయాయని, పెన్నులోని కార్ట్రిడ్జ్‌లోంచి ఇంట్లో ఉన్న ఎర్ర మూత సిరంజితో 10 గీతల దాకా లాగి పొడుచుకున్నాడు. ఎర్ర మూత సిరంజి మిల్లీలీటరుకి 40 యూనిట్లుండే ఇన్సులిన్ కోసం. పెన్నులో ఉండేది మిల్లీలీటరుకి 100 యూనిట్లది. 10 గీతలంటే పావు మిల్లీలీటరు, అంటే ఆయన ఒంట్లోకి వెళ్లింది 25 యూనిట్లు. తెల్లవారుజామున మనవడు లేపితే లేవలేదు. దేవుడి దయ వల్ల బతికి బయటపడ్డాడు. 40 దానికి ఎర్ర మూత, 100 దానికి నారింజ రంగు మూత. సీసా మీద అంకె, సిరంజి మీద అంకె ఒకటే అయి ఉండాలి. ఇంతకు మించి ఇందులో తెలివితేటలేమీ అక్కర్లేదు.

శనివారం ఒక్కపొద్దు మానమని నేను చెప్పను, చెప్పినా మీరు మానరు. మధ్యాహ్నం ఒక్కపూటే భోంచేసే రోజున పొద్దున కాఫీ మీద గ్లిమెపిరైడ్ ఉన్న మాత్ర వేసుకోవద్దు. ఆ మాత్రని భోజనం దగ్గరికి జరపాలా, ఆ రోజుకి మానాలా అన్నది మీ డాక్టర్ని అడిగి ఖాయం చేసుకోండి. కార్తీక సోమవారాలకీ ఇదే. చుక్కలు చూసేదాకా ఏమీ ముట్టనంటే మాత్రం నేను ఒప్పుకోను.

అలిపిరి మెట్లు 3,550. డోసులు సర్దుబాటై, ముందు రెండు వారాలు ఒక్కసారి కూడా 70 లోపు రాకపోతే నిక్షేపంగా ఎక్కండి. అంత ఎక్కుడు ఎక్కితే కండరాలు చక్కెరని లాగేస్తాయి, ఆ ప్రభావం ఆ రాత్రంతా ఉంటుంది. కాబట్టి ముందు రాత్రి, ఆ రాత్రి ఇన్సులిన్ ఎంత తగ్గించాలో అడిగి వెళ్లండి. ఆ రోజు పొద్దున గ్లిమెపిరైడ్ సంగతి కూడా. దారి పొడుగునా మంచినీళ్లు తాగుతూ ఉండండి, డాపాగ్లిఫ్లోజిన్ ఒంట్లో నీళ్లని బయటికి పంపిస్తుంది. కింద కౌంటర్లో సామాను ఇచ్చేస్తే కొండ మీదికి పంపిస్తారు. ఆ సంచిలో ఇన్సులిన్ పెన్ను, మీటరు పెట్టకండి, మీతోనే ఉంచుకోండి. గ్లూకోజ్ పొట్లం మాత్రం భుజాన సంచిలో కూడా వద్దు, చొక్కా జేబులో ఉండాలి. ఉత్త కాళ్లతో ఎక్కుతారు కాబట్టి పైకి చేరగానే అరికాళ్లు చూసుకోండి. మీకు కనపడకపోతే మీ ఆవిడని చూడమనండి. బొబ్బ లేచినా మీకు నొప్పి తెలియకపోవచ్చు.